పాత ఆర్‌ఎక్స్ 100 కొనే ముందు ధర ఎలా కట్టాలి?

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. యమహా ఆర్‌ఎక్స్ 100 ఒకటి కొనుక్కోవాలని కొంతకాలంగా వెతుకుతున్నాను. చూసిన వాటిలో చివరికి రెండు బండ్లు మిగిలాయి. రెండింటి ధరల్లో తేడా దాదాపు సగానికి సగం ఉంది. అసలు ఈ బండికి ధర దేన్ని బట్టి కట్టాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

మొదటిది బెంగళూరులో ఒక వ్యాపారి దగ్గర ఉన్న 1989 మోడల్. నట్టు నట్టూ విప్పి బాగు చేయించామని, టాంకుకు కొత్త రంగు, రిమ్ములకు కొత్త క్రోమ్, కొత్త సీటు, కొత్త మీటరు వేయించామని చెబుతూ 1,35,000 రూపాయలు అడుగుతున్నారు. ఫొటోల్లో చాలా బాగుంది. రెండోది కాకినాడలో ఉంది. 1993 ఆగస్టులో రిజిస్టరైన ఏపీ 5 నంబరు బండి, ఇప్పటికీ మొదటి యజమాని పేరు మీదే ఉంది. ఆయన 2023 వేసవిలో కాలం చేశారు, బండి ఆయన కుమారుడి ఇంట్లో ఉంది. రంగు వెలిసింది, సీటు చిరిగింది, సైలెన్సరు తుప్పు పట్టింది. కిక్ కొడితే స్టార్టవుతుంది గాని పొగ బాగా వస్తోంది. 75,000 చెప్పారు, బేరానికి అవకాశం ఉందన్నారు.

నేను మెకానిక్‌ను కాను. ఆదివారాలు నడపడానికి, అప్పుడప్పుడు కోటిపల్లి రేవు దాకా వెళ్ళి రావడానికి బండి కావాలి. కొని దాచి ఎక్కువ ధరకు అమ్ముకునే ఉద్దేశం లేదు. ఏయే భాగాలు చూడాలో, ఏ లోపానికి ఎంత తగ్గించాలో, ఏ లోపం కనబడితే బేరం వదులుకోవాలో పెద్దలు చెప్పగలరు.

బేరింగు_బాబాయి (ఏలూరు)

మీరు రాసిన వివరాల్లో ధరకు పనికొచ్చేవి రెండే ఉన్నాయి. ఒకటి పొగ, రెండోది మొదటి యజమాని. రంగు, క్రోమ్, సీటు, మీటరు డబ్బు పెడితే వచ్చేవి కనుక, వాటి కోసం అమ్మేవాడికి అదనంగా డబ్బు ఇవ్వవలసిన పని లేదు.

కాకినాడ బండి చూడటానికి వెళ్ళేటప్పుడు, మీరు వచ్చేదాకా ఇంజిను స్టార్టు చేయవద్దని ముందే ఫోనులో చెప్పండి. వెళ్ళగానే పలకరింపులు కాకముందే సైలెన్సరు మెడ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిను ఎలా స్టార్టవుతుందో మీకు చూపించడం వారికి ఇష్టం లేదన్నమాట. చల్లటి ఇంజిను మీద కిక్ పెడల్‌ను కాలితో కాక చేత్తో నెమ్మదిగా నొక్కండి. మధ్యలో గట్టిగా ఎదురు తన్ని ఆగాలి. మెత్తగా కిందికి దిగిపోతే కంప్రెషన్ పోయినట్టే, బోరు పని (పిస్టను కదిలే గొట్టాన్ని సవరించి కొత్త పిస్టను వేయడం) తప్పదు.

ఇక పొగ సంగతి. ఇది టూ స్ట్రోక్ బండి, పెట్రోలుతో పాటు ఇంజినును అరగకుండా కాపాడే 2టీ ఆయిలు కూడా మండుతుంది కాబట్టి స్టార్టు చేసిన మొదటి కొన్ని నిమిషాలు నీలంగా పొగ రావడం సహజం. ఇంజిను వేడెక్కిన తరువాత కూడా తెల్లగా, దట్టంగా, వెనక వచ్చేవాడి ముఖం కనబడనంతగా వస్తుంటే మాత్రం కుడివైపు క్లచ్ పక్కన ఉండే క్రాంక్ సీలు (పిస్టను తిప్పే ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు వలయం) పోయి, గేరు బాక్సు ఆయిలును ఇంజిను లోపలికి లాగేసుకుంటోందని అర్థం. గేరు ఆయిలు మట్టం చూడండి. ఈ మధ్యనే పోశామని చెప్పి కూడా తక్కువగా ఉంటే అనుమానం అక్కరలేదు. ఎడమవైపు మాగ్నెటో (కరెంటు పుట్టించే చక్రం) పక్కన సీలు పోతే లక్షణం వేరుగా ఉంటుంది. పొగ పెరగదు, గాలి పీలుస్తుంది. యాక్సిలరేటరు వదిలినా ఇంజిను వెంటనే దిగదు, ఐడ్లింగు తనంతట తానే పెరుగుతుంది. ఈ రెండో లోపాన్ని చాలామంది పట్టించుకోరు గాని, ఇదే ప్రమాదకరమైనది, ఎందుకంటే పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైన ఇంజినులో పిస్టను వేడెక్కి, దూరప్రయాణంలో నడిరోడ్డు మీద పట్టేస్తుంది.

క్రాంక్ చూడటానికి ఎడమవైపు మాగ్నెటో మూత విప్పించండి. ప్లగ్గు తీసి, పిస్టను సగం దూరంలో ఉండేలా మాగ్నెటోను తిప్పి, అక్కడి నుంచి చేత్తో ముందుకూ వెనక్కూ కొద్దిగా కదపండి. టక్కుమని సన్నటి చప్పుడు వేలికి తగిలితే కనెక్టింగ్ రాడ్డు అరిగింది. మాగ్నెటోను పైకీ కిందికీ కదిపినప్పుడు ఆట ఉంటే క్రాంక్ బేరింగులు పోయాయి. ఈ పని చేయించుకోవడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ బండికి పూర్తి ఇంజిను పని ఉందనుకునే ధర చెప్పండి.

రిజిస్టరు_రామాయణం (గుంటూరు)

బాబాయి గారు చెప్పినవన్నీ డబ్బుతో సరిచేయగల లోపాలు. కాగితాల్లో లోపం ఉంటే ఎంత డబ్బు పెట్టినా ఒక్కోసారి సరికాదు, అందుకే ఇంజిను కంటే ముందు ఆర్సీ చూడమంటాను.

ఆర్సీ మీద ఉన్న ఛాసిస్ నంబరునూ ఇంజిను నంబరునూ బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోల్చండి. ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింద మెడ భాగంలో ఉంటుంది. దాని మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. అంకెలు ఒకే లోతులో, ఒకే వరుసలో ఉన్నాయా, చుట్టూ ఆకురాయితో అరగదీసిన గీతలున్నాయా అన్నది కంటికి కనబడకపోయినా కాగితం మీద తెలిసిపోతుంది. మెడ దగ్గర మాత్రమే రంగు మందంగా ఉన్నా అనుమానించవలసిందే.

ఆ తరువాత ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడండి. ఆర్సీ చెల్లుబాటులో ఉందా, ఫైనాన్స్ ఇంకా నమోదై ఉందా అన్నది తెలుస్తుంది. చలానాలు ఈ-చలాన్ సైటులో విడిగా చూసుకోవాలి. 1990ల నాటి బండ్లలో కొన్ని కంప్యూటరు రికార్డుల్లోకి ఎక్కనే లేదు. అలా ఉంటే ఆర్టీఏ కార్యాలయంలో పాత రిజిస్టరు చూసి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి. అది పూర్తయ్యేదాకా బదిలీ ముందుకు కదలదు. బయానా ఇచ్చే ముందే ఈ సంగతి తేల్చుకోండి.

కాకినాడ బండి విషయంలో మరో మెలిక ఉంది. యజమాని మరణించారు కాబట్టి కుమారుడు నేరుగా మీ పేరు మీదికి మార్చలేరు. ముందు ఫారం 31 ద్వారా బండి వారసుడి పేరు మీదికి రావాలి, ఆ తరువాతే ఆయన అమ్మకం తెలిపే ఫారం 29, మీరు బదిలీ కోరే ఫారం 30 ఇవ్వాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రం సిద్ధం చేసుకోమని చెప్పండి. తండ్రి బతికి ఉండగా సంతకం చేసి పెట్టిన ఖాళీ ఫారాలు ఉన్నాయని ఎవరైనా చూపిస్తే వాటిని ముట్టుకోవద్దు. సంతకం చేసిన వ్యక్తి మరణించిన తరువాత ఆ ఫారాలతో బదిలీ చేయించడం మోసం కిందికే వస్తుంది.

నాలుగు_స్ట్రోకులు (కరీంనగర్)

అందరూ లోపాలు ఎలా వెతకాలో చెబుతున్నారు గాని, అసలు ఆ ధర న్యాయమేనా అని ఎవరూ అడగడం లేదు. ఇది 98 సీసీ ఇంజిను, 11 హెచ్‌పీ శక్తి, ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు ఉన్న బండి. 1,35,000 పెడితే కొత్త 125 సీసీ బండి వారంటీతో వస్తుంది. నడపడానికే అయితే పాత స్ప్లెండరు చాలు. బండి తయారీ ఆగి ముప్పై ఏళ్ళు కావస్తోంది గనుక ధర పెరగడం సహజమే అంటారు, కాని పెరిగిన ధరలో సగం సినిమాల వల్ల, సోషల్ మీడియా రీళ్ళ వల్ల వచ్చిందే.

పాతఇనుము (విశాఖపట్నం)

నాలుగు స్ట్రోకుల గారితో ధర విషయంలో ఏకీభవిస్తున్నాను, స్ప్లెండరు విషయంలో కాదు. ఆర్‌ఎక్స్ 100 కావాలని అడిగిన వ్యక్తికి స్ప్లెండరు కొనమనడం జవాబు కాదు.

మన దేశంలో యమహా బండ్లు తయారు చేసిన ఎస్కార్ట్స్ వారు ఈ బండిని 1985 నుంచి 1996 దాకా తయారు చేశారు. తొలి బండ్లు జపాను నుంచి విడిభాగాలుగా వచ్చి ఇక్కడ బిగించినవి, అందుకే వాటికి ప్రత్యేకమైన ధర ఉంది. ఇప్పుడు ప్రతి వ్యాపారీ తన బండి 'జపాను ఇంజిను' అంటున్నాడు. అలా అన్నప్పుడు వాదించకుండా, ఏ భాగం మీద జపాను అచ్చు ఉందో చూపించమనండి.

అసలు భాగాల్లోనూ విలువ అన్నింటికీ ఒకటి కాదు. టాంకు స్టిక్కర్లు, పక్క మూతలు, ఇండికేటర్లు, మీటరు నకళ్ళుగా బజారులో దొరుకుతాయి. వాటి అసలు భాగాలు పోయినంత మాత్రాన బండి విలువ పెద్దగా పడిపోదు. ఛాసిస్, క్రాంక్‌కేసు (క్రాంక్, గేర్లు ఉండే ఇంజిను పెట్టె), నంబరు సరిపోయే ఇంజిను మాత్రం పోతే మళ్ళీ రావు. క్రాంక్‌కేసు ఎడమవైపు, ముందు స్ప్రాకెట్ మూత విప్పించి లోపల టార్చి వేసి చూడండి. ఎప్పుడైనా చెయిన్ తెగితే సరిగ్గా అక్కడే కేసును కొట్టి పగలగొడుతుంది. అల్యూమినియం వెల్డింగు చేసిన గుర్తు, లేదా బూడిద రంగు ఎంసీల్ ముద్ద కనబడితే దాని ప్రకారం ధర తగ్గించవలసిందే. ఆ కేసులో గేరు ఆయిలు నిలిచినా, బేరింగు కూర్చునే గుంట సరిగా ఉందో లేదో ఇంజిను విప్పితే గాని తెలియదు.

తరువాత బోరు. అసలు బోరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) కూడా 50. అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు చొప్పున పెంచుతూ 25, 50, 75, 100 సైజు పిస్టన్లు వేస్తారు. బ్లాకు (బోరు ఉన్న దిమ్మ) ఎన్నో సైజులో ఉందన్నది ధరలో భాగమే. అసలు సైజులోనో 25లోనో ఉన్న బ్లాకుకు ఇంకా మూడు నాలుగు జన్మలున్నాయి. 100 సైజు దాటితే స్లీవు (లోపల కొత్త గొట్టం) వేయాలి. హెడ్డు (ఇంజిను పైమూత) నాలుగు నట్లతోనే ఉంటుంది, విప్పడానికి ఎక్కువ సేపు పట్టదు. పిస్టను నెత్తి మీద ఉన్న మసిని గుడ్డతో తుడిస్తే సైజు అంకె కనబడుతుంది.

బెంగళూరు బండి గురించి ఒక్క ప్రశ్న. దానికి ఎన్ని గేర్లు ఉన్నాయో అడిగారా?

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

పాతఇనుము గారూ, మీ ప్రశ్న చూడగానే వ్యాపారి పంపిన వీడియో మళ్ళీ పెట్టి విన్నాను. 'ఐదు గేర్లు, పికప్ అదిరిపోతుంది' అని ఆయనే స్వయంగా చెబుతున్నాడు. ఐదు గేర్లు ఉండటం మంచిదేనని అనుకున్నాను. ఇందులో ఇబ్బంది ఏమిటి?

పాతఇనుము (విశాఖపట్నం)

ఆర్‌ఎక్స్ 100కు ఉన్నవి నాలుగు గేర్లే. ఐదు గేర్లంటే అది ఆ తరువాత వచ్చిన ఆర్‌ఎక్స్ 135 ఇంజిను. దాని బోరు 58 మిల్లీమీటర్లు, అంటే 132 సీసీ. ఆర్‌ఎక్స్ 100 ఛాసిస్‌లో ఆ ఇంజిను బిగించి, పక్క మూతల మీద 100 అని అతికించి అమ్ముతున్నారు. నడపడానికి బాగానే ఉంటుంది, ఆ మాటకొస్తే 100 కంటే బలంగా కూడా ఉంటుంది. కాని ఆర్సీలో 98 సీసీ అనీ, పాత ఇంజిను నంబరూ ఉంటాయి, బండిలో ఉన్నది మరొకటి. ఆ ఇంజిను ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ బండి ఆర్సీలో దాని నంబరు ఉందో మీకు తెలియదు. దొంగ బండి ఇంజిను అయితే దాన్ని మీ ఇంట్లో పెట్టుకున్నట్టు. ఆ ఇంజిను నంబరు వేసిన అసలు ఇన్వాయిసు, ఇంజిను మార్పిడిని ఆర్టీఏ ఆమోదించి ఆర్సీలో రాసిన ఆధారం చూపించగలిగితేనే మాట్లాడండి. లేకపోతే అది 1,35,000 విలువ చేసే ఆర్‌ఎక్స్ 100 కాదు, రెండు బండ్ల నుంచి కూర్చిన మూడో బండి. నేనైతే 40,000కు కూడా తీసుకోను.

రిజిస్టరు_రామాయణం (గుంటూరు)

ఒకవేళ ఇంజిను సరైనదే అయినా, పొరుగు రాష్ట్రపు బండి మీద ధరతో పాటు వచ్చే ఖర్చులు విడిగా లెక్క వేసుకోవాలి. కర్ణాటక ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి, ఇక్కడికి తెచ్చి లైఫ్ ట్యాక్సు కట్టాలి, కొత్త నంబరు వేయించాలి. పన్నెండు నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. ఢిల్లీ నుంచి కూడా చౌకగా బండ్లు వస్తున్నాయి. అక్కడ పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు ఉండటం వల్ల యజమానులు వదిలించుకుంటున్నారు. ధర తక్కువని తొందరపడకుండా, ఎన్‌ఓసీ చేతికి రానిదే వాటి జోలికి పోవద్దు.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

వ్యాపారిని ఇంజిను నంబరు ఫొటో పంపమని, ఆమోద పత్రం ఉందా అని అడిగాను. 'ఇంత అనుమానం ఉన్నవాళ్ళు పాత బండ్లు కొనకూడదు సార్' అని జవాబు వచ్చింది. ఆ బండిని వదిలేశాను.

ఈ ఆదివారం మా వీధి మెకానిక్‌ను వెంట తీసుకుని కాకినాడ వెళ్ళాం. బాబాయి గారు చెప్పినట్టే ముందుగా ఫోను చేయడంతో ఇంజిను చల్లగానే ఉంది. బండి పోర్టికోలో గోనె పట్టా కప్పి ఉంది. టాంకు మీద కంపెనీ వేసిన ఎరుపు రంగు మోకాళ్ళు తగిలే చోట అరిగి కింద ప్రైమరు కనబడుతోంది, స్టిక్కరు అంచులు లేచాయి, కాని ఎక్కడా రెండోసారి రంగు వేసిన ఆనవాలు లేదు. ఛాసిస్ నంబరు పెన్సిలు అచ్చు శుభ్రంగా వచ్చింది. ఇంజిను నంబరు కూడా ఆర్సీ బుక్కుతో సరిపోయింది. నాలుగే గేర్లు. క్రాంక్‌కేసు మీద వెల్డింగు గుర్తు లేదు.

పొగ విషయం మాత్రం బాబాయి గారు రాసినట్టే ఉంది. వేడెక్కిన తరువాత కూడా తెల్లటి పొగ తగ్గలేదు. గేరు ఆయిలు మట్టం తక్కువగా ఉంది. మాగ్నెటోను కదిపితే సన్నటి టక్కు చప్పుడు వచ్చింది. హెడ్డు విప్పితే పిస్టను మీద 25 అని ఉంది, గోడ మీద పై నుంచి కిందికి రెండు చారలు పడ్డాయి. 2టీ ఆయిలు పంపు తీసేయలేదు, పనిచేస్తోంది. హ్యాండిల్ సూటిగా ఉన్నప్పుడు మధ్యలో చిన్న గాడిలో పడి ఆగినట్టు అనిపించింది. టైర్ల మీద వారం, సంవత్సరం తెలిపే నాలుగు అంకెలు చూస్తే రెండూ 2014లో తయారైనవి. మీటరు 38,000 కిలోమీటర్లు చూపిస్తోంది.

మెకానిక్ అంచనా ప్రకారం ఇంజిను పూర్తి పనికి 14,000, టైర్లు, చెయిన్ సెట్టు, బ్రేకు షూలకు 7,500, కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే బేరింగులు), స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, వైరింగుకు 3,500, మొత్తం 25,000. సీటూ సైలెన్సరూ ఇందులో లేవు. ఈ లెక్కన ఎంత చెప్పమంటారు?

బేరింగు_బాబాయి (ఏలూరు)

మంచి బండి దొరికింది. మధ్యలో గాడిలో పడ్డట్టు ఉండటం కోన్ సెట్టు బేరింగు గుంటలు పడటం వల్ల వచ్చేదే, పెద్ద ఖర్చు కాదు. బోరు గోడ మీద చారలు ఉన్నాయంటే ఒకసారి పిస్టను పట్టేసింది, లేదా ఆయిలు లేక కొంత దూరం నడిచింది. 50 సైజు వేస్తే ఆ చారలు పూర్తిగా పోతాయో లేదో బోరింగు షాపులో కొలిపించిన తరువాతే పిస్టను కొనమనండి. లోతుగా ఉంటే నేరుగా 75కు వెళ్ళవలసి వస్తుంది.

మీటరును నమ్మవద్దు. కేబులు ఊడదీస్తే అది ఆగిపోతుంది, కావాలంటే వెనక్కి కూడా తిప్పవచ్చు. ఫుట్‌రెస్టు రబ్బర్లు, బ్రేకు పెడల్ మీద గీతలు, కిక్ షాఫ్టు పళ్ళు ఎంత అరిగాయో చూసి ఎంత తిరిగిందో అంచనా వేయాలి. మీరు ఇక్కడ పెట్టిన ఫొటోలో పెడల్ మీద గీతలు దాదాపు నున్నబడ్డాయి. 38,000 కాదు, అంతకు బాగా ఎక్కువే తిరిగింది. దానివల్ల ధర పెద్దగా మారదు, ఎలాగూ ఇంజిను కొత్తగా కడుతున్నారు కాబట్టి.

ఇక లెక్క. మా వైపు కాగితాలు సక్రమంగా ఉండి, నంబర్లు సరిపోయి, పని అవసరం లేని 1990ల నాటి ఆర్‌ఎక్స్ 100 చేతులు మారేటప్పుడు 85,000 అటూ ఇటూ పలుకుతోంది. అందులోంచి మెకానిక్ చెప్పిన 25,000 తీసేయండి. విప్పిన తరువాత బయటపడే వాటికి ఒక 5,000 తీయండి. గేరు బాక్సు లోపల ఏముందో ఎవరూ చూడలేదు కదా. 55,000 వచ్చింది. కాగితాల ఖర్చు ఎవరు భరిస్తారన్నది విడిగా మాట్లాడుకోండి.

నాలుగు_స్ట్రోకులు (కరీంనగర్)

బాబాయి గారి పద్ధతి నచ్చింది. ఒక మాట చేర్చుతాను. ఆన్‌లైన్ ప్రకటనల్లో కనబడే ధరలను ఆ 85,000 స్థానంలో పెట్టవద్దు. అవి అడిగే ధరలు, అమ్ముడుపోయిన ధరలు కావు. ఒకే బండి నెలల తరబడి అదే ధరతో ప్రకటనలో ఉంటే, ఆ ధరకు కొనేవాడు లేడనే కదా అర్థం.

పాతఇనుము (విశాఖపట్నం)

నా అభిప్రాయం కొంచెం వేరు. బాబాయి గారి లెక్కలో కంపెనీ రంగుకు ఏమీ కట్టలేదు. అరిగినదైనా, వెలిసినదైనా ఫ్యాక్టరీలో వేసిన రంగు ఉన్న బండికీ మళ్ళీ రంగు వేసిన బండికీ మధ్య నేను కనీసం 5,000 తేడా చూస్తాను. అసలు రంగు ఉంటే ఛాసిస్ వంగిందా, గుద్దుకుందా, వెల్డింగు చేశారా అన్నవి దాచడానికి వీలుండదు. కొత్త రంగు కింద ఏమున్నా తెలియదు. ఆ లెక్కన 60,000 దాకా వెళ్ళవచ్చు. కొన్న తరువాత దయచేసి రంగు వేయించవద్దు.

బేరింగు_బాబాయి (ఏలూరు)

ఛాసిస్ వంగలేదని తెలుసుకోవడానికి రంగు అక్కరలేదు, నూలు దారం చాలు. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, వెనక టైరు రెండు అంచులకూ తగిలేలా దారం ముందుకు లాగితే, ముందు టైరుకు రెండు వైపులా ఒకే సందు ఉండాలి. అయినా రంగు విషయంలో మీ మాట కాదనను. 58,000 దగ్గర కలుద్దాం.

రిజిస్టరు_రామాయణం (గుంటూరు)

మీరిద్దరూ 58,000 దగ్గర కలిశారు గాని, ఆర్సీ గడువు సంగతి ఇంకా ఎవరూ చూడలేదు. 1993 ఆగస్టులో రిజిస్టరైన బండికి మొదటి పదిహేనేళ్ళు 2008తో పూర్తయ్యాయి. అప్పటి నుంచి అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి. 2018లో చేయించి ఉంటే 2023 ఆగస్టుతో గడువు తీరింది. యజమాని ఆ వేసవిలోనే పోయారన్నారు కాబట్టి, ఆ తరువాత ఎవరూ చేయించి ఉండరనుకుంటాను.

నిబంధనల ప్రకారం రెన్యువల్ ఆలస్యమైతే మోటారు సైకిళ్ళకు నెలకు 300 రూపాయల చొప్పున అదనపు రుసుము ఉంటుంది. 2025 నవంబరు చివరికి 27 నెలలు, అంటే 8,100. ఇరవయ్యేళ్ళు దాటిన మోటారు సైకిళ్ళ రెన్యువల్ రుసుమును 2025 ఆగస్టులో కేంద్రం 2,000 చేసింది. ఈ రెండూ కలిపి 10,100. దాని మీద హరిత పన్ను, బదిలీ రుసుములు, బండిని తనిఖీకి తీసుకెళ్ళే ముందు ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటాయి. ఇంత పొగతో పొల్యూషన్ పరీక్షలో నెగ్గదు కాబట్టి ఇంజిను పని ముందు, రెన్యువల్ తరువాత అన్న వరుస వస్తుంది. అంటే ఇంకా మీది కాని బండికి మీరు 14,000 పెట్టి ఇంజిను కట్టించాలన్నమాట. అందుకని ఆ సొమ్ముకు రసీదు, ఒప్పంద పత్రం రాయించుకోకుండా స్పానరు పట్టుకోనివ్వవద్దు.

పేరు మార్పిడిని వాయిదా వేసే అలవాటు ఉన్నవారికి మరో మాట. అమ్మినవాడు పేరు మార్పించకపోతే, ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత రిజిస్టరులో పేరు ఉన్న యజమాని మీదే ఉంటుందని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాకినాడ వారికి ఈ సంగతి వివరిస్తే బదిలీ త్వరగా జరిపించడానికి వారే తొందరపడతారు.

పాతఇనుము (విశాఖపట్నం)

ఇన్సూరెన్సు గురించి ఒక మాట. ఇలాంటి బండికి సాధారణంగా దొరికేది థర్డ్ పార్టీ పాలసీయే. బండి పోతే మీరు పెట్టిన ధర తిరిగి ఇచ్చేవారు ఉండరు. ఆర్‌ఎక్స్ బండ్లంటే దొంగలకూ ఇష్టమే. తాళం ఖర్చును కూడా ధరలో కలుపుకోండి. సైలెన్సరు మార్చేటప్పుడు కంపెనీ నమూనాదే వేయండి. చప్పుడు చేసే సైలెన్సర్లను ఇక్కడ విశాఖలో పోలీసులు పట్టుకుని రోడ్డు రోలరుతో తొక్కించారు.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

అందరికీ కృతజ్ఞతలు. ఆర్సీ బుక్కు మళ్ళీ చూశాను, రామాయణం గారు చెప్పినట్టే 2023 ఆగస్టుతో గడువు ముగిసింది. లెక్క కాగితం మీద రాసుకుని వెళ్ళి కుమారుడికి చూపించాను. ఆయన మొదట 70,000 దగ్గర ఆగారు. హెడ్డు విప్పినప్పుడు తీసిన చారల ఫొటో, నెలకు 300 చొప్పున పెరుగుతున్న రుసుము లెక్క చూపించిన తరువాత ఆలోచించి చెబుతానన్నారు. నిన్న సాయంత్రం ఫోను చేశారు. 58,000కు ఒప్పుకున్నారు. ఫారం 31 ఖర్చూ రెన్యువల్ ఆలస్య రుసుమూ ఆయనే భరిస్తారు. ఇంజిను పని నేను చేయిస్తాను, ఆ 14,000 ముందుగా చెల్లించిన సొమ్ముగా ఒప్పందంలో రాసుకుంటున్నాం. మిగతా 44,000 బండి నా పేరు మీదికి వచ్చిన రోజున ఇస్తాను. బండి కంప్యూటరు రికార్డులో కనబడుతోంది గనుక బ్యాక్‌లాగ్ ఎంట్రీ అవసరం పడలేదు.

ఇంజిను విప్పే రోజున మెకానిక్‌ను ప్రత్యేకంగా ఏమి అడగమంటారు?

బేరింగు_బాబాయి (ఏలూరు)

క్రాంక్ విప్పినప్పుడు రెండు వైపుల సీళ్ళూ మార్చమనండి, పోయిన కుడివైపుది ఒక్కటే మార్చి మూసేయనివ్వవద్దు. పాత పిస్టను, రాడ్డు, బేరింగులు మీ చేతికి ఇవ్వమనండి. టాంకు లోపల టార్చి వేసి తుప్పు చూడండి. ఇప్పుడు వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉండటంతో తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలబెట్టిన బండి టాంకులో తుప్పు రేగి కార్బురేటరులోకి దిగుతుంది. కార్బురేటరు రబ్బర్లు, పెట్రోలు పైపు కొత్తవి వేయించండి. ఇంజిను కట్టిన తరువాత 2టీ పంపు పైపులో గాలి లేకుండా తీయించి, ఆయిలు ఇంజినులోకి నిజంగా చేరుతోందని కళ్ళతో చూసేదాకా, మొదటి టాంకు పెట్రోలులో కొద్దిగా 2టీ ఆయిలు కలిపే నడపండి. పొగ కాస్త ఎక్కువ వస్తుంది, ఫరవాలేదు. పొల్యూషన్ పరీక్షకు మాత్రం ఆ టాంకు అయిపోయిన తరువాతే వెళ్ళండి.